లంచ్ బాక్సుకి రెడ్ స్టారు

మా అక్క కూతురు నాలుగో తరగతి చదువుతోంది. హైదరాబాదులో ఒక స్కూలు, పేరు చెప్పను. ఏడాది ఫీజు ఎంతంటే, నేను క్యాంపస్‌లో సెలెక్టయి ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన 3.36 లక్షల ప్యాకేజీలో సగం పైచిలుకు. (ఆ 3.36 అంటే ఏమిటో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.)

2025 సెప్టెంబరు మొదటి వారం. ప్రతి ఏడూ ఆ వారం జాతీయ పోషకాహార వారోత్సవమట, 1982 నుంచీ జరుపుతున్నారట, నాకూ అప్పుడే తెలిసింది. సోమవారం చార్టులు. మంగళవారం కూరగాయల వేషాలు. మా పిల్ల క్యారెట్టు. ఆ క్యారెట్టు డ్రెస్సు అద్దె ఆరొందలు. ఆరొందలకి ఎన్ని కిలోల నిజం క్యారెట్లు వస్తాయో మీరు లెక్కెయ్యకండి, నేను వేసి బాధపడ్డాను. బుధవారం అసలు తంతు: లంచ్ బాక్స్ ఇన్‌స్పెక్షను.

టీచరమ్మ ఒక్కో పిల్ల దగ్గరికీ వచ్చి డబ్బా మూత తీయించి చూసి, మూత మీద స్టిక్కరు అంటించింది. ఆకుపచ్చ స్టారు, పసుపు స్టారు, ఎర్ర స్టారు. మా అక్క ఆవేళ గోంగూర పప్పు కలిపిన అన్నం, దొండకాయ వేపుడు పెట్టింది. ఎర్ర స్టారు! కారణం డైరీలో రాసి పంపారు: 'వైట్ రైస్, ఆయిలీ. ప్లీజ్ సెండ్ హెల్దీ ఫుడ్.' పక్క సీటు పిల్ల 'మల్టీగ్రెయిన్' అని రాసున్న బిస్కట్ల ప్యాకెట్టు, ఒక మామిడి జ్యూసు డబ్బా తెచ్చింది. దానికి ఆకుపచ్చ స్టారు. ఎందుకయ్యా అంటే ప్యాకెట్టు మీద గోధుమ కంకులున్నాయి, జ్యూసు డబ్బా మీద మామిడికాయ ఉంది.

సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్తే పిల్ల నన్ను అడిగిన మాట: "మావయ్యా, అమ్మకి వండటం రాదా?"

అక్క వంటింట్లోంచి వింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి తెల్లారుజామున ఐదింటికే లేవడం మొదలెట్టింది.

గురువారం ఏదో కంపెనీ వాళ్ళొచ్చారు. మ్యాజిక్ షో పెట్టి, క్విజ్ పెట్టి, పిల్లలందరికీ పాలలో కలుపుకునే పొడి సాషే ఒకటి, స్కేలు ఒకటి ఇచ్చి వెళ్ళారు. స్కేలు మీద ఆ పొడి పేరే. పోషకాహార వారోత్సవం సమాప్తం.

ఇంతటితో అయిపోతే నేనిది రాసేవాణ్ణి కాదు. వినాయక నిమజ్జనం సెలవలయ్యాక పిల్ల డబ్బా రోజూ ఖాళీగా వస్తోంది. అక్క సంతోషించింది, పిల్ల బాగా తింటోందని. వారం పోయాక బస్సులో ఉండే ఆయమ్మ చెప్పింది, "మీ పాప రోజూ పక్క పిల్లల్ని బిస్కట్లు అడుగుతోందమ్మా, ఆకలేస్తోందంట" అని. తీరా చూస్తే, పిల్ల చేతులు కడుక్కునే చోట ఉన్న చెత్తబుట్టలో అన్నం పారేసి, మధ్యాహ్నమంతా ఖాళీ కడుపుతో కూర్చుంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. టీచరు చూస్తుందేమో, పక్కవాళ్ళు నవ్వుతారేమో అని. పోషకాహారం గురించి వారం రోజులు పాఠం చెప్పించుకున్న ఫలితం ఇది: పప్పన్నం తినడం మానేసింది.

ఇప్పుడు నాకు మండుతోంది. నింపాదిగా రాద్దామనే కూర్చున్నాను గానీ నావల్ల కాదు.

స్కూళ్ళలో పోషకాహారం గురించి చెప్పకూడదని నేననటం లేదు. చెప్పి తీరాలి. కాకపోతే ఇప్పుడు చెబుతున్న పద్ధతి ఒకటే పని చేస్తోంది: అధికారం లేనివాళ్ళని తప్పుపట్టడం. నాలుగో తరగతి పిల్లకి సరుకులు కొనే అధికారం ఉందా? వండే అధికారం ఉందా? స్కూలు క్యాంటీన్లో ఏం అమ్మాలో చెప్పే అధికారం ఉందా? ఏదీ లేని మనిషి డబ్బా మీద ఎర్ర స్టారు అంటించి ఇంటికి పంపుతారు. అది చూసుకుని కుమిలిపోయేది తల్లి. (నాన్న పేరు డైరీలో రాసి ఎవరూ పంపలేదు, గమనించారా? మా బావ ఆ వారమంతా రిలీజు పనిలో ఉన్నాడు, ఆయనకి ఈ సంగతే తెలీదు.) మన భాషలో చెప్పాలంటే, సర్వర్ కింద పడిపోయి ఉంటే 'యూజర్ ఎర్రర్' అని రాసి టికెట్టు క్లోజ్ చేసినట్టు.

ఇదే స్కూలు డైరీ మొదటి పేజీల్లో ఒక రూలుంది. లంచ్ బాక్సులో గుడ్డు, మాంసం తేకూడదు. వాసనట. అదే స్కూల్లో మా పిల్ల వేసిన చార్టులో 'ప్రోటీన్లు' అన్న గడిలో మొట్టమొదటి బొమ్మ ఏమిటో తెలుసా? గుడ్డు. పచ్చసొన కనబడేలా సగానికి కోసి మరీ రంగులేసింది. దానికి ఎ ప్లస్. గుడ్డు బొమ్మ తెస్తే మార్కులు, గుడ్డు తెస్తే నోటీసు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీను ఉంటుంది, బొమ్మలో ఎంత ఉంటుందో నేను చెప్పలేను.

నేను చదివింది పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూలు. 2010 ప్రాంతంలో మాకు సైన్సు చెప్పడానికి ఒక మేడం ఉండేవారు. ఆవిడ ఆహారం పాఠం మొదలెట్టిన రోజు పుస్తకం తెరవలేదు. ఒక అయోడిన్ సీసా, ఒక డ్రాపరు తెచ్చారు. అన్నం మెతుకు మీద ఒక చుక్క: నల్లగా మారిపోయింది. ఆలుగడ్డ ముక్క మీద చుక్క: నలుపు. టమాటా మీద చుక్క: ఏమీ లేదు. పిండిపదార్థం ఉంటే నీలి నలుపు అవుతుందని అలా చూశాం. తర్వాత "రేపు అందరూ మీ ఇంట్లో పాలు కాస్త కాచి చల్లార్చి తీసుకురండి" అన్నారు. మర్నాడు ముప్పై చిన్న సీసాలు బల్ల మీద. ఒక్కోదాంట్లో చుక్క వేస్తూ పోయారు. ఇరవై చిల్లర సీసాలకి ఏమీ కాలేదు. ఏడో ఎనిమిదో సీసాలు నీలంగా తిరిగాయి. ఆ పిల్లలందరినీ లేపి "మీకు పాలు ఎవరు పోస్తారు?" అని అడిగితే ఒకటే పేరు చెప్పారు.

ఆ సాయంత్రం ఊళ్ళో జరిగింది మీరు ఊహించుకోవచ్చు. పాలాయన మర్నాడు స్కూలుకొచ్చి గేటు దగ్గర నిలబడి నానా తిట్లూ తిట్టాడు. ఊళ్ళో పెద్దమనుషులొచ్చారు. హెడ్‌మాస్టారు మేడాన్ని పిలిచి "సిలబస్ పూర్తి చెయ్యండమ్మా, మనకెందుకివన్నీ" అన్నారట. ఆవిడ ఆ ఏడాది మళ్ళీ అయోడిన్ సీసా బయటికి తీయలేదు. కానీ పాలల్లో పిండి కలపడం మాత్రం ఆగింది, అది నేను చూశాను, ఎందుకంటే ఆ ముప్పై మంది పిల్లలకీ పరీక్ష చెయ్యడం వచ్చేసింది. మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ సీసా అప్పట్లో ఎంతో ఉండేది కాదు.

నాకు తెలిసి పోషకాహారం పాఠం అంటే అదీ. దాని వల్ల ఎవడికో ఒకడికి కోపం వచ్చింది, అమ్మేవాడికి. ఇప్పటి చార్టులూ వేషాలూ చూడండి, ఎవరికీ కోపం రాదు. కంపెనీకి రాదు, క్యాంటీన్ కాంట్రాక్టరుకి రాదు, యాజమాన్యానికి రాదు. నొచ్చుకునేది ఇద్దరే, పిల్లా తల్లీ. వాళ్ళెలాగూ గేటు దగ్గరికొచ్చి అరవరు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. విటమిన్లు, లోపిస్తే వచ్చే జబ్బులు జతపరచుము అంటే నాకెప్పుడూ పూర్తి మార్కులే. ఎ అయితే రేచీకటి, బి1 బెరిబెరి, సి స్కర్వీ, డి రికెట్స్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. స్కర్వీ ఉన్న మనిషిని నేను జీవితంలో చూడలేదు, మీరూ చూసుండరు. నేను చూసిన జబ్బు వేరే. ఆఫీసువాళ్ళు చేయించే యాన్యువల్ చెకప్‌లో ఇరవై ఎనిమిదేళ్ళకే నాకు 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని రాసిచ్చారు. కంగారుపడి టీమ్‌లో చెబితే, పక్కవాడు "ఓ, అంతేనా, నాది గ్రేడ్ 2" అన్నాడు, ప్రమోషన్ సంగతి చెప్పినట్టు. 2025లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. వీళ్ళందరూ చదువులో వెనకబడ్డవాళ్ళా? జతపరచుములో మార్కులు పోయినవాళ్ళా? అందరూ ఫస్టు క్లాసులు, డిస్టింక్షన్లే.

మనకి చెప్పనిది ఏమిటి? ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి, నీళ్ళ సాంబారన్నం పెట్టి, ఆకలేస్తే గేటు పక్క షాపులో చిప్స్ కొనుక్కోమన్నవాళ్ళు 'సమతులాహారం అనగానేమి' అన్న ప్రశ్నకి మాత్రం నాలుగు మార్కుల జవాబు బట్టీ పట్టించారు. ఆ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవడం ఒక్కరూ నేర్పలేదు.

అక్కడికే వస్తున్నాను. ప్యాకెట్టు వెనకవైపు చదవడం సైన్సు కూడా కాదు, ఏడో తరగతి లెక్కలు. ఉదాహరణకి, పాలలో కలిపే పొడి డబ్బా మీద 100 గ్రాములకి చక్కెర 32 గ్రాములు అని ఉందనుకుందాం. ఒక గ్లాసుకి 20 గ్రాముల పొడి వెయ్యమంటాడు. అంటే గ్లాసుకి 6.4 గ్రాములు. ఒక టీస్పూను చక్కెర సుమారు 4 గ్రాములు కాబట్టి స్పూనున్నర పైన. రోజుకి రెండు గ్లాసులైతే మూడు స్పూన్లు. అమ్మ పైన వేసే చక్కెర దీనికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపుంటే మంచిదని చెప్పింది, అంటే ఆరు స్పూన్లు. లాభనష్టాలు, బారువడ్డీ చెప్పే మాస్టారు ఇది ఒక్క పీరియడ్‌లో చెప్పగలరు. ఇంకో పీరియడ్‌లో దినుసుల జాబితా చదివించొచ్చు: బరువు ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. ఆ మల్టీగ్రెయిన్ బిస్కట్లలో మొదటి పేరు మైదా, రెండోదో మూడోదో చక్కెర అయితే, అట్ట మీద కంకుల బొమ్మలెందుకున్నాయో పిల్లలే చెప్తారు. ఆకుపచ్చ స్టారు పెట్టిన టీచరమ్మకి కూడా చెప్తారు.

ఈ 'హెల్త్ డ్రింక్' అనే మాట సంగతి చూడండి. మన ఆహార భద్రత చట్టంలో అసలు ఆ మాటకి నిర్వచనమే లేదు. 2023లో బోర్న్‌విటాలో చక్కెర గురించి గొడవ అయ్యాక, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకి ఒక సూచన పంపింది, ఇలాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' విభాగంలోంచి తీసెయ్యమని. హార్లిక్స్ వాళ్ళు కూడా ఆ నెలలోనే 'హెల్త్' అన్న మాట వదిలేసి 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్' అని పేరు మార్చుకున్నారు. మనం చిన్నప్పుడు టీవీలో చూసి, అమ్మతో పోట్లాడి కొనిపించుకున్న ఆ మాట అలా ఒక్క నెలలో చెరిగిపోయింది. ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా? ఎనిమిదో తరగతిలో సోషల్‌లో చెప్పొచ్చు, తెలుగులో చెప్పొచ్చు, 'విశేషణము' అన్న పాఠానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు :)

ఇక ఐరన్ సంగతి. ఇది నవ్వులాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఆంధ్రలో 63.2, తెలంగాణలో 70 శాతం. 'ఇనుము లోపిస్తే రక్తహీనత కలుగును' అని ప్రతి పిల్లా పరీక్షలో రాస్తుంది. రాసిన పిల్లకే రక్తం ఉండదు. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన కాస్త నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో ఉండాలి. టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. తిండికి ముందో గంట, తర్వాతో గంట టీ కాఫీలు వద్దని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. పిల్ల చేతిలో ఉన్న పని ఇది. డబ్బు ఖర్చు లేదు, అమ్మని తప్పుపట్టేది లేదు. మన పల్లెల్లో పొద్దున్నే టీలో బిస్కట్టు ముంచుకు తిని బడికొచ్చే పిల్లలు ఎంతమందో లెక్కలేదు. వాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పిన టీచరు ఎవరైనా ఉన్నారా? సర్కారు బళ్ళలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, మలం నల్లగా వస్తుంది, అది మామూలే అని ముందే చెప్పకపోతే పిల్ల భయపడి మర్నాడు మాత్ర కిటికీలోంచి విసిరేస్తుంది. చెప్పాల్సింది అది.

చిత్రమేమిటంటే ఆ జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకని మొదలై, 1958లో హైదరాబాదుకొచ్చింది. దేశం మొత్తం ఏం తినాలో రాసేవాళ్ళు అరగంట దూరంలో ఉన్నారు. ఆ స్కూలువాళ్ళు పిలిచింది మాత్రం పొడి కంపెనీని.

"ఇవన్నీ ఇంట్లో నేర్పాలండీ, స్కూలు మీద తోసేస్తే ఎలా?" అనేవాళ్ళుంటారు, నాకు తెలుసు. మా బావే అన్నాడు. ఇంట్లో నేర్పేది ఇంట్లో నేర్పుతూనే ఉన్నాం, పప్పన్నం తినమని. దాన్ని చెడగొట్టింది స్కూలే. అదీగాక రోజులో మెలకువగా ఉన్న టైములో సగం పిల్లలు గడిపేది అక్కడే. క్యాంటీన్ అద్దె పుచ్చుకునేది వాళ్ళే. అద్దె పుచ్చుకున్నాక బాధ్యత ఇంటిది అంటే ఎలా కుదురుతుంది?

ఇంకొకరంటారు, "జపాన్లో చూడండి" అని. చూద్దాం. అక్కడ 2005లో ఆహార విద్యకని చట్టమే చేశారు, స్కూళ్ళలో పోషకాహార టీచర్లని పెట్టారు. పిల్లలే తెల్ల ఏప్రన్లు కట్టుకుని వంతులవారీగా వడ్డిస్తారు, టీచరు వాళ్ళతో పాటు క్లాసులోనే అదే తిండి తింటాడు. నాకు అందులో నచ్చింది చట్టం కాదు, ఆ చివరి ముక్క. టీచరు అదే తిండి తింటాడు.

ఇంతా చేసి అది మన దగ్గర లేనిదేం కాదు. మన సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలని రూలుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆర్డరు ఇచ్చిన తర్వాత దేశమంతా వండి పెడుతున్న భోజనం అది. ప్రైమరీ పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీను అని కేంద్రం లెక్క. నేను ఊరికే కూడి చూశాను. బియ్యంలో సుమారు 350 కేలరీలు, ఏడెనిమిది గ్రాముల ప్రోటీను. పప్పులో 65 పైన, నాలుగు గ్రాముల పైన. నూనెలో 45. లెక్క సరిపోయింది. కానీ చూడండి, ఆ 12 గ్రాముల ప్రోటీనులో సగానికి పైన వచ్చేది బియ్యం నుంచే! పప్పు గరిటె కాస్త పలచబడిందా, ఇక మిగిలేది బియ్యమే. అక్కడ ఒక్క గుడ్డు పెడితే 12 కాస్తా 18 అవుతుంది. ఆంధ్రలో 2020లో మెనూ మార్చి వారానికి ఐదు గుడ్లు పెట్టారు, తెలంగాణలోనూ గుడ్డు పెడతారు. ఐదో తరగతి పిల్లాడు చెయ్యగల కూడిక ఇది. వాడి కంచంలో ఉన్న తిండి మీద, వాడి హక్కు మీద వాడే వేసుకునే లెక్క. అప్పుడు గుడ్డు రాని రోజున "ఏం సార్, ఇవాళ ఆరు గ్రాములు తక్కువ" అంటాడు. ఆ ప్రశ్న ఇష్టం లేదు కాబట్టే నేర్పరని నా అనుమానం. అనుమానమే లెండి.

తమాషా ఏంటంటే, ఏడాదికి లక్షన్నర పైన కట్టే మన పిల్లల కంటే గుడ్డు విషయంలో సర్కారు బడి పిల్లలే నయం. ఈ మాట ఆఫీసులో అంటే ఎవరూ ఒప్పుకోలేదు. 'వాళ్ళది పేదరికం, మనది చాయిస్' అన్నాడొకడు. చాయిస్ ఏది నాయనా, డైరీలో రాసి మరీ వద్దన్నారు కదా.

అక్కా నేనూ వెళ్ళి ప్రిన్సిపాల్‌ని కలిశాం. మర్యాదగానే మాట్లాడారావిడ. "మేం పిల్లల్లో అవేర్‌నెస్ తీసుకొస్తున్నాం" అన్నారు. స్టాఫ్ రూమ్ పక్కన కొత్తగా పెట్టిన షుగర్ బోర్డు చూపించారు. 2025 మే నెలలో సీబీఎస్ఈ స్కూళ్ళన్నిటికీ ఉత్తరం రాసింది లెండి, చక్కెర బోర్డులు పెట్టమని. పిల్లలు తినే కేలరీల్లో చక్కెర 5 శాతం మించకూడదు, మనవాళ్ళు నాలుగు నుంచి పదేళ్ళ పిల్లలు 13 శాతం, ఆ పై పిల్లలు 15 శాతం తింటున్నారు అని అందులో ఉంది. మంచి పనే, కాదనను. బోర్డు బాగుంది, గ్లాసీగా ప్రింటు చేయించారు. దాని ముందు నుంచి పది అడుగులు వేస్తే క్యాంటీన్. అందులో ఆ బోర్డు మీద బొమ్మలేసి 'ఇన్ని స్పూన్ల చక్కెర' అని రాసిన డ్రింకులే ఫ్రిజ్‌లో వరసగా. ధరల పట్టీలాగుంది ఆ బోర్డు.

"మేడం, 2020లో ఎఫ్ఎస్ఎస్ఏఐ రెగ్యులేషన్స్ వచ్చాయి కదా. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి స్కూల్ క్యాంటీన్లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు, ప్రచారం చెయ్యకూడదు. 2021 జూలై నుంచి అమల్లో ఉంది" అన్నాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయారు. తెలీదని నాకర్థమైంది. కంపెనీవాళ్ళ సాషేలు దీని కిందికొస్తాయా రావా అని వాదించొచ్చు, వాళ్ళ లాయర్లు వాదిస్తారు కూడా. ఫ్రిజ్‌లో ఉన్న డ్రింకుల గురించి మాత్రం వాదన లేదు. "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను" అన్నారు. ఎర్ర స్టార్ల గురించి అడిగితే "అది జస్ట్ ఫన్ యాక్టివిటీ, అంత సీరియస్‌గా తీసుకోకండి" అన్నారు. అక్క అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడంది: "మా పాప పది రోజులు అన్నం పారేసిందండీ." ఆవిడ తలదించుకున్నారు. నేను గెలిచినట్టేమీ అనిపించలేదు.

బయటికొచ్చాక క్యాంటీన్ దగ్గర నిలబడి ఫోన్లో ఫోటోలు తీశాను, ఫ్రిజ్‌వి, ధరల బోర్డువి. సెక్యూరిటీ ఆయన వద్దన్నాడు, అప్పటికే తీసేశాను.

పేరెంట్స్ గ్రూపులో ఆ రెగ్యులేషను కాపీ పెడితే నూట నలభై మందిలో తొమ్మిది మంది బొటనవేలు చూపించారు, ముగ్గురు 'మా వాడికి ఆ జ్యూసు లేకపోతే కుదరదు' అన్నారు. ఆ నూట నలభైలో సగానికి సగం మన ఫీల్డువాళ్ళే. కోడ్ రివ్యూలో కామా తేడా వస్తే ఊరుకోరు గానీ, ఫీజు కట్టిన చోట క్యాంటీన్ లిస్టు ఒక్కరూ అడగలేదు. నేనూ మొన్నటిదాకా అంతే, కాబట్టి తిట్టే అర్హత నాకు సగమే ఉంది.

మీ పిల్లల స్కూలుకి వచ్చే మీటింగుకి వెళ్తే మూడే అడగండి: క్యాంటీన్లో అమ్మేవాటి లిస్టు కాగితం మీద ఇమ్మనండి, లోపలికొచ్చి పంచిపెట్టే కంపెనీలని ఎవరు పిలిచారో చెప్పమనండి, పిల్లల డబ్బాలు తెరిచి చూడటం ఆపమనండి. గుడ్డు సంగతి నేను అడిగాను, అది ఇప్పట్లో తెమిలేలా లేదు, అందులో తిండి కంటే వేరే గొడవలున్నాయి.

మా పిల్ల ప్రస్తుతం అన్నం తింటోంది. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి వంటింట్లో ఉన్న ప్యాకెట్లన్నీ కింద పరిచి, వెనక రాసింది చదివి, స్పూనుతో చక్కెర కొలిచి ప్లేట్లలో పోశాం. చీమలు పడతాయని అక్క కేకలేసింది. పిల్ల ఆ జ్యూసు డబ్బా ముందు పోసిన చక్కెర కుప్ప చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, దీనికి వాళ్ళు ఆకుపచ్చ స్టారిచ్చారు కదా, మిస్సుకి ఈ లెక్క రాదా?" అంది. రాకపోవచ్చమ్మా, ఆవిడకీ ఎవరూ చెప్పుండరు అన్నాను. సోమవారం ఆ లెక్క ఒక కాగితం మీద రాసుకుని బ్యాగులో పెట్టుకెళ్ళింది. మిస్సు ఏమందో ఇంకా చెప్పలేదు.